జడ్జమ్మ మెట్లెక్కిన సాయంత్రం

మా అత్తయ్యని మా బిల్డింగులో అందరూ జడ్జమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు కానీ, ఆవిడ సంచీ పట్టుకుని వీధి మలుపులో కనపడితే చాలు, "జడ్జమ్మ వస్తోంది" అని కింది నుంచి పైదాకా కబురు వెళ్ళిపోతుంది. దిగేటప్పుడు ఆవిడ ఎవరినీ పల్లెత్తు మాట అనదు. కోర్టంతా ఎక్కేటప్పుడే. మొదటి అంతస్తులో ఆగి, మొక్కలాయన కుండీల నీళ్ళు మెట్ల మీదికి కారుతున్నాయని విచారణ మొదలుపెడుతుంది. రెండో అంతస్తులో చెప్పుల స్టాండు దారికి అడ్డంగా ఉందని ఆ ఇంటావిడని నిలదీస్తుంది. మూడో అంతస్తులో రేడియో పెద్దాయన ఉంటాడు. ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు, అందువల్ల ఆయన రేడియో మా అందరికీ వినపడుతుంది. అక్కడ విచారణ కాస్త ఎక్కువసేపు నడుస్తుంది. ఆ పైన నాలుగో అంతస్తులో మా ఇల్లు. ఆవిడ లోపలికొచ్చి కూలబడి మంచినీళ్ళు తాగుతుంటే, నేను చప్పుడు చెయ్యకుండా కిందికి దిగి, ముగ్గురికీ సర్దిచెప్పి వచ్చేదాన్ని. పెళ్ళయిన కొత్తలో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. తరవాత అదీ ఇంటిపనుల్లో ఒకటైపోయింది.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం లిఫ్టులు ఆయన చేతి చలవ వల్లే కదులుతాయి. మా బిల్డింగుకి మాత్రం లిఫ్టు లేదు. ఈ ముక్క మీద మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ ఒక జోకు వేసి, అది మొదట తనకే తట్టిందనుకుని పడిపడి నవ్వుతాడు. నేను కళ్ళద్దాల కొట్లో పనిచేస్తాను. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా గోడ మీది అక్షరాలు చదివించడం నా పని. నాకు కోపం తొందరగా వస్తుంది, అంత తొందరగా పోదు. అత్తయ్యకీ నాకూ పొత్తు కుదరడానికి అదే కారణమని మా ఆయన అంటాడు.

ఇల్లంటే రెండు గదులు. వాటి పక్కన డాబా మీద ఒక పొడుగాటి రేకుల గది. ఆ గది అత్తయ్య రాజ్యం. ఆవిడా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి అక్కడ బొంతలు కుడతారు. దర్జీ కొట్లలో మిగిలిపోయిన గుడ్డముక్కలు ఏరి తెచ్చే పని మాత్రం అత్తయ్య ఎవరికీ ఇవ్వదు. ఏ రంగు పక్కన ఏది పడాలో తనకి తప్ప ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. గది మధ్యలో, మామయ్య బతికున్నప్పుడు చేసిపెట్టిన పెద్ద చెక్క చట్రం ఉంది. బొంతని దాని మీద లాగి బిగించి చుట్టూ కూర్చుని కుడతారు. ఆ చట్రాన్ని మామయ్య ఆ గదిలోనే బిగించాడు, అది తలుపు కంటే పెద్దది. గది ఉన్నంతకాలం చట్రం ఉంటుంది, గది పోతే అది విరిచి కట్టెల్లో వేసుకోవలసిందే.

ఈ గది రాకముందు అత్తయ్య చాలా ఏళ్ళు ఒక పరుపుల కొట్లో దూది ఏకే మిషన్ దగ్గర పనిచేసింది. అక్కడ సాయంత్రానికి కనురెప్పల మీద కూడా దూది పేరుకునేదట. ఆ దుమ్ము ఎక్కడికి పోయిందో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒకరోజు సాయంత్రం ఆవిడ సంచీతో ఎక్కుతూ మూడో అంతస్తులో పడిపోయింది. రేడియో పెద్దాయనకి వినపడలేదు. కింది నుంచి చెప్పుల స్టాండు ఆవిడ, విచారణ మధ్యలో ఆగిపోయిందేమిటని పైకొచ్చి చూసి కేక పెట్టింది. మా ఆయన వెళ్ళేసరికి తల్లి పెదాలు నీలంగా ఉన్నాయి. ఆసుపత్రిలో ముక్కుకి మాస్కు పెట్టి, మందు పొగలా పట్టించి, నాలుగు రోజులకి ఇంటికి పంపారు. ఆ నాలుగు రోజుల్లో మా ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఊరికి ఆ చివర కింది అంతస్తులో ఒక ఇల్లు చూశాడు. అందులో ఉన్నవాళ్ళు రెండు నెలల్లో ఖాళీ చేస్తారు. మేం అక్కడికి మారిపోవాలి, రేకుల గది ఇచ్చెయ్యాలి.

అత్తయ్య అప్పటికి మాట్లాడలేకపోతోంది కాబట్టి తల అడ్డంగా ఊపింది. ఆ తల ఇక నిలువుగా ఊగదని నాకు అప్పుడే తెలుసు.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఏమీ తేల్చకుండా ముందు పరీక్షలు చేయించమంది. మొదటిది ఊదే పరీక్ష. గాజు తలుపుల చిన్న గదిలో ఒక మిషను, దానికి అట్టగొట్టం. పరీక్ష చేసే ఆయన మెత్తటి మనిషి, అమ్మా అమ్మా అంటూ కూర్చోబెట్టి, ముక్కుకి క్లిప్పు పెట్టాడు. లోపల పట్టినంత గాలి పీల్చుకుని, ఒక్కసారిగా బలమంతా పెట్టి ఊదాలనీ, ఇంక లేదనిపించేదాకా ఊదుతూనే ఉండాలనీ చెప్పాడు. అత్తయ్య గొట్టం నోట్లో పెట్టుకుందో లేదో, ఆ మెత్తటి మనిషి పూనకం వచ్చినట్టు "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా, ఇంకా" అని అరవడం మొదలుపెట్టాడు. అత్తయ్య గొట్టం తీసేసి, ఎవరి మీద అరుస్తున్నావు నాయనా అని అడిగింది. తెర మీద గీత మధ్యలో తెగిపోయింది.

రెండోసారి అరిచినా ఊరుకుంది, కానీ ఊపిరిని కొంచెం కొంచెంగా వదిలింది. ఆవిడకి అదే అలవాటు. గోధుమపిండి డబ్బాలో అడుగున ఉన్నది నాలుగు రోజులు వచ్చేలా వాడినట్టు, గాలిని కూడా అలాగే వాడుతుంది. ఆయన ఓపిగ్గా, ఇక్కడ పొదుపు పనికిరాదమ్మా, ఉన్నదంతా ఒకేసారి పారబొయ్యాలి అన్నాడు. మూడోసారి, నాలుగోసారి, అయిదోసారి. గీతలు ఒకదానితో ఒకటి కలిసేదాకా వదల్లేదు. మందు పీల్పించి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ ఊదించాడు. మొదటి సెకనులో బయటికి రావలసిన గాలి, ఆవిడ వయసుకీ ఎత్తుకీ ఉండవలసినదాంట్లో సగం కూడా రాలేదు. మందు తరవాత కూడా పెద్ద తేడా లేదు. దీన్ని సీఓపీడీ అంటారని, గాలిగొట్టాలు లోపల బిగిసిపోయి పాత గాలి బయటికి పోక, కొత్త గాలికి చోటుండదని తరవాత డాక్టరమ్మ చెప్పింది.

రెండోది నడక పరీక్ష. పొడుగాటి వరండా, రెండు చివర్లా నారింజరంగు శంకులు. ఆరు నిమిషాల్లో వీలైనంత దూరం నడవాలి. అలిసిపోతే ఆగవచ్చు, కూర్చోవచ్చు, గడియారం మాత్రం ఆగదు. పక్కన ఎవరూ నడవకూడదు, పక్కన మనిషి ఉంటే వాళ్ళ వేగమే మన వేగమైపోతుందట. మాట్లాడకూడదు. ఊదించినాయనే అత్తయ్య వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, ఇక బయల్దేరండి అన్నాడు.

ఆవిడ బాగానే బయల్దేరింది. మొదటి శంకు దగ్గరికి రాగానే ఆగి, గోడ పక్కన వేసిన కుర్చీని చూపించి, దారిలో ఈ కుర్చీ ఎవరు పెట్టారు అని నిలదీసింది. అది మీరు కూర్చోవడానికేనమ్మా అన్నాడాయన. కూర్చోను అంది. రెండో శంకు దగ్గర, గోడ మీద వేలాడుతున్న కరెంటు తీగ మీద విచారణ. ఆ తరవాత మలుపులో, నేల ఇంత నున్నగా ఎవడు తుడిచాడు అని. ఆయన మాత్రం కాగితంలో రాసున్న మాటలు తప్ప ఇంకేమీ అనడం లేదు: బాగా చేస్తున్నారు, ఇంకా ఇన్ని నిమిషాలున్నాయి, అంతే. ఆవిడ తిడుతున్న ప్రతిసారీ క్లిప్పులో అంకె ఇంకా కిందికి జారుతోంది. మామూలుగా తొంభై అయిదు పైన ఉండవలసింది, చివరికి ఎనభై నాలుగుకి వచ్చింది.

నేను ఒక పక్కన నిలబడి చూస్తున్నాను. మా కొట్లో నాకు రోజూ కనపడే మనుషులు గుర్తొచ్చారు. అక్షరాలు కనపడనివాళ్ళు కనపడటం లేదని చెప్పరు. ముందు లైటుని తిడతారు. తరవాత బోర్డు వంకరగా ఉందంటారు. ఆ తరవాత నన్ను తిడతారు. తిట్లు ఎక్కడ మొదలైతే చూపు అక్కడ ఆగిందని నాకు లెక్క. అది ఇన్నేళ్ళుగా వేరేవాళ్ళ మీద వాడుతున్న లెక్క, ఇంట్లో మనిషి మీద వాడాలని ఒక్కరోజూ తోచలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే, మొదటి అంతస్తులో ఆవిడ అలవాటుగా ఆగి కమ్మీ పట్టుకుంది. మొక్కలాయన తలుపు వైపు తిరిగింది. నేను అడ్డం వెళ్ళి నిలబడ్డాను.

"అత్తయ్యా, నిజం చెప్పండి. మీరు పోట్లాడటానికి ఆగుతున్నారా, ఆయాసానికి ఆగుతున్నారా?"

ఆవిడ నావంక చూసింది. సమాధానం చెప్పడానికి గాలి లేదు. గాలి లేకపోవడమే సమాధానమైపోయింది. పైకొచ్చాక, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి అప్పుడు అంది.

"ఊరికే నిలబడితే ఏమంటారే అమ్మాయ్? పాపం అంటారు. పాపం అనిపించుకోవడం కంటే గయ్యాళి అనిపించుకోవడమే నాకు నయం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళూ నేను మూడంతస్తులు తిరిగి ఎవరి తరఫున బతిమాలుకున్నాను? కోపిష్టి మనిషి తరఫునా, ఊపిరాడని మనిషి తరఫునా? నాకొక్కదానికైనా చెప్పి ఉండకూడదా? అదంతా గట్టిగానే అడిగాను. ఆవిడ వింటూ కూర్చుంది. అడుగుతూ అడుగుతూ నేను ఏడ్చేశాను, అప్పుడు ఆవిడ తన గ్లాసులో మిగిలిన నీళ్ళు నాకిచ్చింది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గర ఈ సంగతి చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు. ఆగినప్పుడు రావలసిన ఊపిరి తిట్లకి ఖర్చైపోతోందనీ, అందుకే పై అంతస్తుకి వెళ్ళేసరికి ఏమీ మిగలడం లేదనీ అంది. పోయిన ఊపిరితిత్తులు తిరిగి రావు. కానీ ఆయాసమని కూర్చుంటే కాళ్ళు బక్కచిక్కుతాయి, బక్కచిక్కిన కాళ్ళకి అదే పనికి ఎక్కువ గాలి కావాలి, అప్పుడు ఇంకా కూర్చుంటారు. ఊపిరితిత్తులని మనం పెంచలేం, కాళ్ళని పెంచవచ్చు. మా ఆయన అందుకే కదా మెట్లు వద్దంటున్నాను అన్నాడు. మెట్లు మానేస్తే ఊపిరేమీ పెరగదు, కాళ్ళు తరుగుతాయి, అలాగని ఇప్పుడు ఎక్కుతున్నట్టు ఎక్కితే మళ్ళీ పడతారు అని డాక్టరమ్మ ఇద్దరికీ సమానంగా వడ్డించింది. రెండు నెలలు పీల్చే మందు, ఆసుపత్రి కసరత్తు గదిలో సాధన. ఆ తరవాత మళ్ళీ పరీక్ష. అంకె ఎనభై ఎనిమిదికి దిగకుండా నడవగలిగితే, మెట్ల సంగతి అప్పుడు చూద్దామంది. దూది మాత్రం ఇక చేత్తో ముట్టడానికి వీల్లేదు.

దూది మానేస్తానని అత్తయ్య వెంటనే ఒప్పుకుంది. లోపల పెట్టడానికి దుమ్ము రాలని రెడీమేడ్ పొరలు కొంటానంది. "దూది మానేస్తాను. గది మానను." ఆ మాట కొడుకుతో చెప్పింది కానీ డాక్టరమ్మ వైపు చూస్తూ చెప్పింది.

కసరత్తు గదిలో ఆవిడ పట్టుదల చూసి అక్కడివాళ్ళు మురిసిపోయారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. వరండాలో నడక. చెక్క మెట్టు మీద ఎక్కడం, దిగడం. ఇంటి దగ్గర కూడా, టీవీ చూస్తున్నంతసేపూ లేస్తూ కూర్చుంటూనే ఉండేది. పక్కన ఉన్నవాళ్ళకి సినిమా ముక్క అర్థం కాదు. ఊపిరి ఎలా వదలాలో కూడా నేర్పారు: పెదాలు సన్నగా చేసి, వేడి టీ మీద ఊదినట్టు, మెల్లగా, పీల్చినదానికి రెట్టింపుసేపు. అది ఆవిడకి ఒక పూటలో వచ్చేసింది.

రానిది ఒకటే, నోరు మూసుకుని నిలబడటం. మధ్యాహ్నం బిల్డింగంతా కునుకు తీసే వేళకి మేమిద్దరం మెట్ల మీద సాధన చేసేవాళ్ళం. కాలు మెట్టు మీద వేస్తూ ఊపిరి వదలాలి, ఆయాసం రాకముందే ఆగాలి. ఆవిడ ఆయాసం వచ్చాక కూడా ఆగదు, ఆగితే నోరు ఆగదు. చెప్పుల స్టాండు కనపడగానే పెదాలు కదిలేవి. నేను వేలు పెట్టి చూపించేదాన్ని. మింగేసేది. మాట మింగడం మెట్లెక్కడం కంటే కష్టంగా ఉందే అంది ఒకరోజు. ఈ సాధన సంగతి బిల్డింగులో ఎవరికీ చెప్పకూడదని నాచేత ఒట్టు వేయించుకుంది. వాళ్ళేమో నేను కొట్టుకి వెళ్తున్నప్పుడు ఆపి, అమ్మగారి గొంతు వినపడటం లేదు, ఎలా ఉన్నారు అని అడిగేవారు. ఫరవాలేదండీ అనేదాన్ని.

నెల దాటాక ఒక మధ్యాహ్నం అంతా తలకిందులైంది. నేను కొట్లో ఉన్నాను. ఆవిడ ఒక్కతే సాధనకి దిగింది. ఎక్కేటప్పుడు మొదటి అంతస్తులో నిలబడి మెల్లగా ఊదుతుంటే, నిద్రపోవలసిన మొక్కలాయన తలుపు తీశాడు. ఆవిడని ఆ స్థితిలో చూసి, అయ్యో పాపం అన్నాడు. పాపం ఆయన మంచితనానికే అన్నాడు. అత్తయ్యకి ఇంక ఒళ్ళు తెలియలేదు. కుండీలు, నీళ్ళు, నాచు, జారిపడ్డవాళ్ళు, అన్నీ వరసపెట్టి కడిగేసింది. కడిగేసి, ఆ ఊపులో ఆగకుండా పైకి ఎక్కేసింది. మూడో అంతస్తు మెట్ల మీద కూలబడిపోయింది. ఆ రోజు మా ఆయన పని తొందరగా అయిపోయి ఇంటికి వస్తూ, సరిగ్గా ముందు పడిపోయిన చోటే తల్లి మళ్ళీ కూర్చుని ఉండటం చూశాడు.

ఆ సాయంత్రమే ఫోన్ చేసి, ఆ కింది అంతస్తు ఇల్లు మాకే ఉంచమని చెప్పేశాడు. అత్తయ్య పరీక్ష దాకా ఆగమంది.

"పరీక్షలో నీకు బాగానే వస్తుందమ్మా. అక్కడ మొక్కలాయన ఉండడు కదా." మా ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "రెండుసార్లు చూశాను నిన్ను ఆ మెట్టు మీద. మూడోసారి చూడలేను."

నాకు ఆయన మీద కోపం రాలేదు. భయపడే మనిషి మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు. అత్తయ్యకి కూడా రాలేదు. ఆవిడ రాత్రి అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కొడుకు ఎదురుగా వచ్చి కూర్చుంది. పరీక్ష అయ్యాక, సాయంత్రం పూట, అందరూ ఇళ్ళల్లో ఉన్నప్పుడు, ఎవరి సాయమూ లేకుండా తను ఎక్కుతుంది. పైకొచ్చేసరికి అంకె ఎనభై ఎనిమిదికి దిగి ఉంటే, మర్నాడే చట్రం విరిచి తనే కట్టెలు చేస్తుంది. దిగకపోతే గది ఉంటుంది. మా ఆయన సరే అన్నాడు.

మర్నాడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒక మాట అడిగింది. సాధన ఇక మధ్యాహ్నం వద్దు, నీ ఒట్టు అలాగే ఉండనీ కానీ నన్ను మాత్రం తిట్టు అంది. నాకు అర్థం కాలేదు. తరవాత అర్థమై నవ్వొచ్చింది: ఆవిడ లెక్కలో జాలిని మించిన తిట్టు లేదు. అప్పట్నుంచి రేకుల గదిలో ఆవిడ చెక్క మెట్టు ఎక్కి దిగుతుంటే, నేనూ, బొంతలు కుట్టే ఇద్దరూ చుట్టూ నిలబడి, అయ్యో పాపం, ఎంత మనిషి ఎలా అయిపోయిందో, పెద్దావిడ ఇక కూర్చోకూడదూ అని నోటికొచ్చిన జాలి అంతా ఒలకబోసేవాళ్ళం. ఆవిడ కళ్ళు నిప్పులు కక్కేవి, పెదాలు మాత్రం టీ మీద ఊదుతూనే ఉండేవి. మొదట్లో రెండు జాలి మాటలకే నోరు తెరిచేది. పోను పోను మా జాలే అయిపోయేది, ఆవిడ ఊపిరి అయిపోయేది కాదు.

రెండో పరీక్ష రోజు వచ్చింది. ఊదే గదిలో ఆ మెత్తటి మనిషి మళ్ళీ పూనకం వచ్చినట్టు అరిచాడు, అత్తయ్య ఉన్నదంతా పారబోసింది. అంకెలు మాత్రం కిందటిసారి ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఇంత చేసినా ఏం మారలేదు కదా అని మా ఆయన నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. తరవాత వరండాలోకి వచ్చాం.

ఈసారి మొదటి శంకు దగ్గర ఆవిడ ఆగలేదు, తిరిగింది. రెండోదాని దగ్గరా తిరిగింది. కొంతసేపటికి గోడ పక్కకి జరిగి ఆగింది. కుర్చీ అక్కడే ఉంది. కరెంటు తీగ కూడా అలాగే వేలాడుతోంది. ఆవిడ రెండింటినీ చూసింది, ఊదింది, కదిలింది. పరీక్ష చేసే ఆయన తన కాగితం మాటలు మర్చిపోయి ఆశ్చర్యంగా చూస్తున్నాడు. కిందటిసారి కంటే వరండా రెండు పొడవులు ఎక్కువ నడిచింది. అంకె ఎనభై తొమ్మిది కంటే కిందికి రాలేదు.

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. ఊపిరితిత్తులు అవే, మనిషి వేరు అంది. మా ఆయన తల ఊపాడు కానీ, వరండా చదునుగా ఉంటుంది డాక్టరుగారూ అన్నాడు.

ఆ సాయంత్రం మా ఏర్పాటు ఇది. వెనకాల మనిషి ఉంటే కాళ్ళు తొందరపడతాయని అత్తయ్య కొడుకుని వీధి గుమ్మం దగ్గరే నిలబెట్టింది. నాకు మందుల కొట్లో కొన్న క్లిప్పు ఇచ్చి పైన నిలబెట్టింది. నాలుగో అంతస్తు నుంచి వంగి చూస్తే మెట్ల మధ్య సందులోంచి కింది దాకా కమ్మీలు కనపడతాయి, మనుషులు కనపడరు. కాసేపటికి అడుగున కమ్మీ మీద ఒక చెయ్యి కనపడింది. ఎడమచేతి బొటనవేలికి బొంతలు కుట్టే మనిషికి ఉండే గట్టి కాయ. అంత దూరం నుంచి అది కనపడదు, కానీ నాకు తెలుసు.

చెయ్యి మెల్లగా పైకి జరుగుతోంది. మొదటి అంతస్తులో ఆగింది. తలుపు చప్పుడైంది. ఆ రోజు తిట్లు తిన్న మొక్కలాయన జడ్జమ్మని చూసి, అడక్కుండానే కుండీలన్నీ వెనక్కి జరిపేశానని విన్నవించుకున్నాడు. జవాబు లేదు. ఇందాకే మెట్లు కూడా తుడిచానన్నాడు. జవాబు లేదు. ఆయన ఒక కుండీని ఇంకాస్త వెనక్కి ఈడ్చిన చప్పుడైంది.

"ఏదో ఒకటి అనండమ్మా. భయంగా ఉంది."

కింది నుంచి మా ఆయన "అమ్మా" అన్నాడు. కమ్మీ మీది చెయ్యి లేచి, అరచెయ్యి తెరిచి, ఆగమన్నట్టు గాలిలో నిలబడింది. తరవాత మళ్ళీ కమ్మీ పట్టుకుని పైకి కదిలింది.

ఇన్నాళ్ళూ ఆవిడ ఎక్కడుందో గొంతుని బట్టే అందరికీ తెలిసేది. ఇప్పుడు ఎవరికీ తెలియడం లేదు. రెండో అంతస్తులో చెప్పుల స్టాండు ఆవిడ కంగారుగా లోపల నుంచి కుర్చీ లాక్కొచ్చిన చప్పుడు వినపడింది. కమ్మీ మీది చెయ్యి మాయమైంది. నేను వంగి చూశాను. చెయ్యి లేదు. దిగిపోదామని కాలు కిందికి వేశాను, నేను దిగితే గది పోతుంది, దిగకపోతే ఏం పోతుందో తెలియదు. అప్పుడు కింది నుంచి ఒక సన్నటి చప్పుడు వినపడింది. వేడి టీ మీద ఊదినట్టు, పొడుగ్గా. ఆవిడ కూర్చుంది. వరండాలో కూడా కూర్చోని మనిషి, పరాయి ఇంటి కుర్చీలో, నలుగురూ చూస్తుండగా కూర్చుంది.

చెయ్యి మళ్ళీ కనపడింది. మూడో అంతస్తుకి వచ్చింది. రేడియో మోగుతోంది. పెద్దాయన తలుపు తీసి ఆవిడని చూసినట్టున్నాడు, ఉన్నట్టుండి రేడియో ఆగిపోయింది. నేను మా ఇంటికి కోడలిగా వచ్చాక ఆ రేడియో ఎవరూ నిలదీయకుండా ఆగడం అదే మొదలు. బిల్డింగంతా నిశ్శబ్దమైపోయింది. ఆవిడ ఊదడం ఒక్కటే వినపడుతోంది, రెండుసార్లు పడిపోయిన ఆ చోట. ఎంతసేపు నిలబడిందో నేను లెక్కపెట్టలేదు. తొందరపడలేదు, అది మాత్రం చెప్పగలను.

తరవాత చివరి మలుపులో ఆవిడ తల కనపడింది, ఆ తరవాత ముఖం. ఎర్రగా ఉంది, నీలంగా లేదు. నేను వేలికి క్లిప్పు పెట్టాను. అంకెలు కాసేపు ఊగిసలాడి తొంభై దగ్గర నిలబడ్డాయి. ఇద్దరం దాన్ని చూశాం. నేను ఏదో అనబోతే ఆవిడ వేలు నా పెదాల మీద పెట్టింది.

"అమ్మా, ఎక్కడున్నావు?" కింది నుంచి మా ఆయన కేకపెట్టాడు.

ఆవిడ ఊపిరి పూర్తిగా తనదయ్యేదాకా ఊదుకుంది. అప్పుడు కమ్మీ మీద రెండు చేతులూ ఆనించి, కిందికి వంగి, మొదలుపెట్టింది. మొక్కలాయన కుండీలు జరిపితే సరిపోతుందా, అడుగున నాచు ఎవరు గీకుతారు. చెప్పుల స్టాండు లోపల పెట్టుకోవడం చాతకాదు కానీ కుర్చీ మాత్రం బయటికి తేవడం వచ్చింది, దాని కాలు ఊగుతోంది, మేకు కొట్టించుకోండి. రేడియో పెద్దాయనకి, రేపట్నుంచి చిన్నగా పెట్టుకోవాలని. మూడు విచారణలూ ఒకేచోట నుంచి, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుని, నిమ్మళంగా పూర్తిచేసింది. కింద ఎవరో నవ్వారు. అలాగేనమ్మా అన్నాడు మొక్కలాయన, ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

మా ఆయన మెట్లు రెండేసి ఎక్కుతూ పరుగెత్తుకొచ్చాడు. రోజంతా లిఫ్టుల్లో తిరిగే మనిషి. పైకొచ్చేసరికి ముఖం కందగడ్డలా ఉంది, నోట మాట రావడం లేదు. క్లిప్పు వంక చూశాడు, తల్లి వంక చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి ఆ ఇల్లు వద్దని సైగ చేశాడు. ఇంకేదో చెప్పాలని నోరు తెరిచాడు, తెరిచిన నోట్లోంచి రొప్పు తప్ప ఏమీ రాలేదు.

అత్తయ్య కొడుకు భుజం పట్టి గోడకి ఆనించింది.

"ఆయాసం తీరాక చెప్దువుగానిలే నాన్నా. కాసేపు ఊరికే నిలబడు. ఎవరూ ఏమీ అనుకోరు."